సబ్బు ముట్టని చేతులు

మస్కట్‌లో నేను పనిచేసిన ల్యాబ్‌కు నీళ్లు పట్టుకొచ్చే మనిషి కడపాయన. సమాయిల్ కాలువ నుంచి మంచినీళ్లు, ఖురం ఒడ్డు నుంచి ఉప్పునీళ్లు తెచ్చేవాడు. ఆ నీళ్లలో కంటికి ఆనని ప్లవకాలు తమలో పాలీఫాస్ఫేట్ రూపంలో ఎంత భాస్వరం దాచుకున్నాయో కొలవడం నా పని. సబ్బు అంటిన చెయ్యి సీసాకు తగిలితే లెక్క తప్పుతుందని మొదటిరోజే చెప్పాను.

అప్పటినుంచి నీళ్లకు వెళ్లే రోజు ఆయన సబ్బు ముట్టేవాడు కాదు. బయల్దేరేముందు నా ముఖం దగ్గర రెండు చేతులూ చాపి, "వాసన సూడండి సార్" అనేవాడు. నేను నవ్వి పంపేవాణ్ణి.

ఒకరోజు చేతులు చాపకుండానే వెళ్లాడు. నేను గమనించలేదు. మర్నాడు ఖురం సీసాలన్నిటిలోనూ అంకెలు విపరీతంగా పెరిగి కనిపించాయి. అందరి ముందూ నిలదీశాను.

"సబ్బు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్యా సార్. నీళ్లతో శానా కడుక్కున్యా. పోతాదనుకున్యా."

నీకు ఈ పని చేతకాదన్నాను. ఆయన సీసాలు పారబోసి మళ్లీ సముద్రానికి వెళ్లాడు.

అసలు సంగతి ఆయన్ని నీళ్లకు తీసుకెళ్లే డ్రైవర్ చెప్పాడు. ఊళ్లోనే రూవి పేటలో ఆయనతో పన్నెండేళ్లు ఒకే రూమ్‌లో ఉన్న స్నేహితుడు చనిపోయాడట. "నిన్న పొద్దున మయ్యత్‌కు ఈయనే స్నానం చేయించినాడు సార్."

నాకెందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను.

"సబ్బు ముట్టుకున్యావా అని అడిగినారు. ఎందుకని అడగలేదు కద సార్."

తర్వాతి వారం ఎప్పటిలా చేతులు చాపాడు. అక్కర్లేదన్నాను. ఆయన దించలేదు.

"సూడండి సార్. మల్లా మాట రాగూడదు."