బాపు కోపం

నాది పెద్ద గొంతు. పెళ్లయి కోరుట్లకు వచ్చిన కొత్తలో నేను మంచినీళ్లు అడిగితే, పక్కింటివాళ్లు గొడవేమో అనుకుని తలుపు తీసి చూశారు. అన్నీ తండ్రి గుణాలే అన్నారు చుట్టాలు. నిజమే అనుకున్నాను. మా బాపుకు ముక్కు మీద కోపమని సిరిసిల్లలో మా వాడకంతా తెలుసు.

బాపు ఇరవై ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాల షెడ్డులో ఆ చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. అక్కడ అందరూ పెదవులు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నా ఆయనది అరుపే. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. కోపంగా ఉన్నాడనుకుని మేం బిక్కచచ్చిపోయేవాళ్లం. పదో తరగతి పాసయ్యానని ఆయన వెనక నిలబడి చెప్పాను. తిరిగి చూడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. నా మొండితనమూ తక్కువది కాదు. మమ్మల్ని కన్న అవ్వ అయితే ఆయన అడుగుల చప్పుడుకే లేచి నిలబడేది.

తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజుల్లో ఆ గొంతు అందరికీ పనికొచ్చింది. నినాదాలకు బాపును మొదటి వరుసలో కూర్చోబెట్టేవారు. నేను పుట్టింటికి వచ్చినప్పుడు ఒక రోజు రాస్తారోకో జరిగింది. ఆడవాళ్లతో పాటు నేనూ ఓ పక్కన కూర్చున్నాను. పోలీసులు వెనక నుంచి వచ్చి లేవమన్నారు. మళ్లీ అన్నారు. అందరూ లేచి చెదిరిపోయారు. బాపు మాత్రం కళ్లు మూసుకుని, పిడికిలెత్తి నినాదాలిస్తూనే ఉన్నాడు.

"బాపూ, లే!" అని గొంతు చించుకున్నాను. లాఠీ కుడి మణికట్టు మీద పడ్డాక కళ్లు తెరిచాడు. ఆ ముఖంలో కోపం లేదు.

"ఏమైంది బిడ్డా? అందరేరి?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకు వినపడదు. ఇన్నేళ్లూ వినపడలేదు.

మర్నాడు దీక్షా శిబిరంలో ఆయనకు దండ వేశారు. "లాఠీలకు గూడ కదలని మొనగాడు" అని ఓ పెద్దమనిషి మైకులో పొగుడుతుంటే, బాపు అతని పెదవులనే చూస్తూ తలూపాడు. ఎముక అతుక్కుంది గాని, తెగిన పోగు ముడివేయడానికి వేళ్లు రాలేదు. సాంచాల పని పోయింది.

కొన్నాళ్లకు కోరుట్లకు తీసుకొచ్చి, జగిత్యాలలో చెవుల డాక్టరుకు చూపించాను. రెండు చెవులూ ఎప్పుడో పోయాయన్నాడు. బస్టాండులో బాపుకు ఎదురుగా నిలబడి అడిగాను.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే బాపూ? అవ్వకన్న చెప్దాం."

నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రహస్యంగా చెబుతున్నాననుకుని ఆయన అన్న మాటకు బస్టాండులో అందరూ మావైపు తిరిగారు.

"ఎవ్వలకు చెప్పకు. కోపిష్టోడంటే భయపడ్తరు. చెవిటోడంటే నవ్వుతరు. గీ పేరన్న ఉండనియ్యి బిడ్డా."

మాట ఇచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

బాపు పోయిన రోజు వచ్చినవాళ్లంతా ఆయన ధైర్యాన్నే తలచుకున్నారు. అవ్వ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గడప అవతలే కూర్చుంది. దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దగ ఏడిస్తే కోపం జేస్తడేమో బిడ్డా" అంది.