పప్పుగుత్తి కాడతో రాణిగంజ్‌కు: పెన్నులు చేసే చిన్న లేత్ వెతుకుతూ

చెక్క పెన్నులు చేసే చిన్న లేత్ మిషన్, అంటే కట్టెను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కేది, కొనడానికి నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాను. కారణం ఒక పప్పుగుత్తి. అది నా భార్య సుజాతది. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. పోయిన నెల పప్పు మెదిపి, అంటిన పప్పు రాలాలని గుత్తిని గిన్నె అంచుకు కొట్టాను. తల రెండుగా చీలింది. చీలిక కాడలోకీ పాకింది. బాగున్న భాగం ఆరంగుళాలు మిగిలింది. జహీరాబాద్‌లో టీచరుగా పనిచేసే మా అమ్మాయి స్వప్న ఆ గుత్తిని ఎప్పుడో అడిగింది. విరిగిందని చెప్పలేదు. మిగిలిన కాడతో పెన్ను చేసి చేతిలో పెడితే చెప్పడం తేలికవుతుందనుకున్నాను. అదీ చీలితే ఇవ్వడానికి ఏమీ ఉండదు. పైగా నాకు యంత్రాలంటే భయం. మిక్సీ స్విచ్చు కూడా మొహం పక్కకు తిప్పుకుని నొక్కుతానని సుజాత నవ్వేది.

ఊర్లో వడ్రంగిని అడిగితే పెన్ను రీఫిల్ పట్టేంత సన్నటి పొడుగు రంధ్రం తన దగ్గర కుదరదన్నాడు. ఫోన్‌లో నాలుగున్నర వేలకే ఒక మిషన్ కనిపించింది కానీ చూడకుండా కొనే ధైర్యం లేదు. పొద్దున ఆరింటికి ఖేడ్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జోగిపేట, సంగారెడ్డి మీదుగా లింగంపల్లికి దాదాపు మూడు గంటలు, టికెట్ రెండు వందల లోపే. బస్సు ఎగిరినప్పుడల్లా సంచిలో చెయ్యి పెట్టి కాడను తడిమాను. కొత్త చీలిక వేలికి తగిలినట్టే ఉండేది. తీసి చూస్తే ఉండేది కాదు. కండక్టర్ గమనించాడు.

"ఏంది సార్, గట్ల పట్టుకున్నవ్? బంగారమా?"

"కట్టె."

"కట్టెకు టికెట్ లేదు తియ్, ఫికర్ జెయ్యకు."

లింగంపల్లిలో దిగి, పది రూపాయలతో ఎంఎంటీఎస్ రైలెక్కి జేమ్స్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగాను. రైళ్లు తక్కువ, వేళలు ముందే చూసుకోవాలి. అక్కడి నుంచి రాణిగంజ్ మిషన్ల దుకాణాలకు నడిచే దూరమే. మొదటి రెండు చోట్లా ఇనుము కోసే పెద్ద లేత్‌లే ఉన్నాయి. వాటి మోతకు లోపలికి పోకుండా గుమ్మం నుంచే అడిగి వచ్చేశాను. మూడో దుకాణంలో చెక్కవి రెండు రకాలు దొరికాయి. ఒకటి ఫోన్‌లో చూసినటువంటిదే, అరచేతిలో పట్టే మోటారు. రెండోది పోత ఇనుముది, పందొమ్మిది వేలు. రంధ్రం వేసే బిట్టును పట్టుకునే చక్‌కూ, పెన్ను ముక్కల్ని గుచ్చి తిప్పే కడ్డీకీ మరో రెండున్నర వేలు.

"చిన్నదాంతోటే పెన్నులు మస్తు తిరుగుతయ్ అంకుల్. కట్టె తెచ్చినవా?" అన్నాడు సేటు. లావు చూపిద్దామని కాడ తీశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని మిషన్ రెండు మొనల మధ్య బిగించేశాడు. చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. వద్దనాలి. మిక్సీ దగ్గరలాగే మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఆగు సేటూ! ఆయన మొఖం జూడు జర."

అన్నది మిషన్ బెల్టు కొనడానికి వచ్చిన ఒక ముసలాయన. లేత్ మీద మంచం కోళ్లు తిప్పే పనట, పేరు మల్లయ్య. నాది ఖేడ్ అనగానే "మాది కల్హేర్, మీ పక్కకే" అని దగ్గరికొచ్చాడు. కాడను విడిపించి బొటనవేలితో నిమిరాడు.

"పప్పుగుత్తి కాడ గదా. ఎవలది?"

"నా భార్యది. లేదిప్పుడు."

పెన్ను సంగతి చెప్పాను.

"తిప్పితే ముందుగాల పోయేది గీ నునుపే సార్. ఉలి తగుల్తనే పైపొర లేస్తది. ఆమె చెయ్యి తిరిగిందంత పైననే ఉన్నది. లోపల ఉత్త కట్టె."

నెల రోజులుగా ఆలోచిస్తున్నా ఇది నాకు తట్టలేదు.

"మరెట్ల?"

"పైన ముట్టకు. నడుమ బొక్క పొడువు, సాలు. గని అది సక్కగ పోవాలె. వంకర పోయిందా, పక్కకెళ్లి బయటికొస్తది."

చిన్న మిషన్ తోక వైపు మొనను జరిపి తల వైపు మొన దగ్గరికి తెచ్చాడు. రెంటికీ మధ్య జొన్నగింజంత ఎడం. "సూసినవా? ఇదొక దిక్కు, అదొక దిక్కు. బొక్క గిట్లనే వంకర పోతది." పెద్దదాంట్లో మొనకు మొన ఆనింది. మధ్యలో బ్లేడు పెట్టి నొక్కాడు. మొనలు సరిగ్గా ఎదురెదురుగా ఉండటంతో అది పక్కకు వాలలేదు.

"నా చిన్న మిషన్ ఇజ్జత్ తీసి పెద్దది అమ్మిపిస్తివి. నిన్ను తిట్టాల్నా మల్లన్నా, చాయ్ తాపాల్నా?" అన్నాడు సేటు.

"చాయ్ తాపు."

మల్లయ్య అక్కడున్న తుమ్మ ముక్క ఒకటి పెద్దదానికి బిగించి నన్ను స్విచ్చు నొక్కమన్నాడు. నేనా అన్నాను. "ఇంటికాడ నేనుంటనా?" అన్నాడు. నొక్కాను. ఉలి ఆనించీ ఆనించగానే ముక్క ఎగిరి షట్టరుకు తగిలింది. నేను గోడకు అతుక్కుపోయాను. ఆయన నవ్వలేదు. వచ్చి నా చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. "వదులుగుంటే గుంజుకుంటది. అద్దాలు పెట్టుకో. భయపడు, ఏం గాదు. గని ఉలిని గట్టిగ ఆనించు."

పెద్దదే కొన్నాను. ముప్పై అయిదు కిలోలు, మోసుకురాలేం. బస్సు కార్గోలో వేయిస్తే మర్నాడు ఖేడ్ చేరింది. తిరుగు బస్సులో స్వప్నకు ఫోన్ చేశాను.

"గుత్తి విరిగింది బిడ్డా. నేనే విరగ్గొట్టిన."

"నీ చేతికేం గాలే గదా నాయినా?"

కాడ గురించి, మిషన్ గురించి చెప్పాను.

"మిక్సీకే జడుస్తవ్, నువ్వు మిషన్ కొన్నవా!"

"ఇప్పుడూ జడుస్తున్న."

"అయితే ఆగు. నేనొచ్చినంక ఇద్దరం జేద్దాం."

ఇప్పటికి తుమ్మ ముక్కల్లో చాలా రంధ్రాలు వేశాను. మొదటివి పగిలాయి. ఈ మధ్యవి నిలిచాయి. స్విచ్చు నొక్కే ముందు భయం మాత్రం తగ్గలేదు. ఆ రోజు కాడ చీలుతుందనే భయపడ్డాను. నేననుకున్నట్టే పని సవ్యంగా జరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకుంటే ఇంకా భయమేస్తుంది. నిగనిగలాడే పెన్ను వచ్చేది. సుజాత చెయ్యి తిరిగిన చోటు పొట్టుగా రాలేది. నేనే చీపురుతో ఊడ్చి బయట పోసేవాణ్ణి. కాడ వంటింట్లో పాత చోటే ఉంది. స్వప్న ఆదివారం వస్తుంది.

లేత్ కొనడానికి వెళ్లేవారికి ఒక్క మాట. రెండు మొనలూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. నడిపి చూడటానికి పోయినా పర్వాలేని కట్టె ముక్క సంచిలో వేసుకు వెళ్లండి. పోతే తిరిగి రానిదాన్ని ఇంట్లోనే ఉంచండి.