అద్దకం గది తెరిచే ఉంది

బందరులో ఆర్ట్ మ్యూజియం సగం రిపేర్లకి మూసేశారట. వెళ్లాలా వద్దా అని గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో చెల్లితో ఫోన్లో మాట్లాడుతుంటే, పక్క సీట్లో ఉన్న పెద్దాయన విన్నారు.

"కలంకారీ గది తెరిచే ఉందామ్మా?" అని అడిగారు.

"ఉందటండీ. కానీ అన్నీ తెరిచాక వద్దామనుకుంటున్నాను."

"నాకంత టైం లేదమ్మా. ఒక కన్ను పోయింది, రెండోదీ పోతోందన్నారు డాక్టరు. మా ఆవిడా నేనూ పెడనలో అద్దిన దుప్పటి అక్కడుంది. ఆవిడ పోయాక చూడ్డానికి మనసు రాలేదు."

ఆయన్ని ఒక్కరినే పంపలేక మ్యూజియం దగ్గర నేనూ దిగాను. లోపల ఒకవైపంతా టార్పాలిన్ పట్టాలు కట్టి ఉన్నాయి, వాటి వెనక పనివాళ్లు గోడలు కొడుతున్నారు. కలంకారీ గదిలో ఆయన ఆ దుప్పటికి మొహం తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. "ఈ పువ్వులు ఎర్రగానే ఉన్నాయా?" అన్నారు.

"ఎర్రగానే ఉన్నాయండీ."

"ఆవిడ కాచిన రంగు. నాకంతా బూడిదలా ఉంది. ముందే రావాల్సిందమ్మా."

నేను అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కో పువ్వూ ఎలా ఉందో చెబుతూ వెళ్లాను. కాసేపటికి ఆయన కళ్లు మూసుకుని వినసాగారు.