తీగ తెంచే ముందు చిన్నాయన

నాంపల్లిలో మా పక్కవాటాలో ఉండే చిన్నాయన పోయిన మంగళవారం కన్నుమూశాడు. వరసకే చిన్నాయన, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా గోడకు అవతలి మనిషి. పాడె ఎత్తే వేళకు చిన్నమ్మ ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెబుతూనే ఉంది. పొద్దు పోతున్నదని చుట్టాలు తొందరపెట్టారు. ఆయనతో కలిసి టెలిఫోన్ లైన్ల పని చేసిన ముసలాయన ఒకడు చెయ్యి అడ్డం పెట్టి, "మాట్లాడుతున్నది గద. జర ఆగున్రి," అన్నాడు. అందరూ ఆగారు.

అది చిన్నాయన నేర్పిన పద్ధతి. ఫోన్ తీగలు అతకడం ఆయన పని. సన్నటి రాగితీగలను రెండేసి చొప్పున తాడులా పేని ఉంచుతారు. ఆ మెలి ఎక్కువగా విప్పితే పక్క జంటలోని మాటలు ఇందులోకి వచ్చేస్తాయి. ఏ జంటను కత్తిరించాలన్నా ముందు రిసీవర్ తగిలించి, ఎవరైనా మాట్లాడుతున్నారా అని చూసేవాడు. గొంతు వినబడితే వెంటనే తీసేసి, చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఒకసారి అబిడ్స్‌లో మా నాన్న బట్టల దుకాణం ముందు అలాగే కూర్చుంటే నాన్న విసుక్కున్నాడు. లైన్లో ఎవరో ఏడుస్తున్నారని చెప్పాడు చిన్నాయన. ఎవరు, ఎందుకని నాన్న అడిగితే, "గొంతు ఇనాలె అన్నా, ముచ్చట ఇనొద్దు," అన్నాడు. నాన్న ఆ మాట చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు.

తరవాత కంప్యూటర్లొచ్చాయి. పాత తీగల మెలికలు వదులు, ఇంటర్నెట్ వేగాన్ని అవి తట్టుకోలేవు. దుకాణాలవాళ్ళు బిగువు మెలికల కొత్త కేబుల్ వేయించుకుని, ఆయన వేసినవి పీకి పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. నాకు ఒళ్ళు మండేది. ఆయనకు కోపమే రాలేదు. పాత తీగ ముక్క చూపించి, "మాటలకైతే గిదే ఎక్వ," అనేవాడు.

నిరుడు పక్షవాతంతో ఆయన మాటే పడిపోయింది. మిగిలింది "ఊఁ" ఒక్కటి. చిన్నమ్మ రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని కూరగాయల ధరల నుంచి కోడళ్ళ తగాదాల దాకా అన్నీ చెప్పేది. ఆ ఊఁ ఉన్నన్నాళ్ళూ తనకేం ఫికర్ లేదనేది. గోడ ఇవతల నేను అవి వింటూ వంట చేసుకునేదాన్ని.

నిన్న సాయంత్రం చాయ్ పట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఖాళీ మంచం వైపు తిరిగి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "ఇయ్యాల బేగం బజార్ల..." అని మొదలుపెట్టి ఆగింది. నేను "ఊఁ" అన్నాను.

ఎవరా అన్నట్టు తల తిప్పి నన్ను చూసింది. ముచ్చట ముందుకు సాగలేదు. ఈనె సగం లాగిన చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది.