సరంగు ఏ ఒడ్డుకు చేరాడు

అర్జునరావు గారు పోయిన దగ్గర్నుంచీ షరీఫ్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. పూర్ణా మార్కెట్ వెనక సందులో అతని టైలర్ షాపు. పోర్టు పనివాళ్ళ ఖాకీ బట్టలు కుట్టడంలో అందెవేసిన చేయి. అలాంటివాడు మొన్న ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేశాడు. చొక్కా తాలూకు మనిషి పగలబడి నవ్వాడు గానీ షరీఫ్‌కి నవ్వు రాలేదు.

అర్జునరావు గారు అతనికి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. చరిత్రలో మరుగున పడ్డవాళ్ళ జీవితాలు రాసేవారు. పెద్ద పెద్ద పండితులకి ఆ పుస్తకాలు ఆనేవి కావు. దువ్వాడ స్టేషన్లో మాత్రం పల్లీల పొట్లాల పక్కన పెడితే, పల్లీల కంటే ముందు అవే అయిపోయేవి. అంత మోజెందుకంటే, ఆయన రాజునైనా సరే ముందు మనిషిని చేసేవారు. యుద్ధానికి బయల్దేరిన సేనాపతికి ఆ పొద్దున చద్దన్నంలో ఉప్పు చాల్లేదని రాసేవారు. కోట గోడ ఎత్తెంతో వదిలేసి, అది ఎక్కిన కుర్రాడి మోకాలు ఎక్కడ గీసుకుందో చెప్పేవారు. ఎవరి కథ మొదలుపెట్టినా నడిమధ్యలో వదలరు. ఎక్కడ పోయాడో, ఎవరి ఒళ్ళో తలపెట్టుకుని పోయాడో చెప్పి గానీ పుస్తకం ముగించరు. షరీఫ్ ఆ చివరి పేజీలు భార్య కరీమున్నీసాకి చదివి వినిపించేవాడు. ఆమెకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఆమె కాజాలు కుడుతూ వినేది. ఇద్దరూ బాగా ఏడ్చి, ఆ తర్వాత హాయిగా అన్నం తినేవారు.

ఆఖరుగా ఆయన ఒక వారపత్రికలో సరంగు గంగరాజు జీవితం రాస్తున్నారు. సరంగు అంటే ఓడ మీద కళాసీలకు పెద్ద. తెల్ల కెప్టెన్ మీద తిరగబడ్డాడని గంగరాజు చేతులు కట్టి పడేశారు. భీమిలి దీపాలు కనబడుతుండగా కట్లు తెంపుకుని సముద్రంలోకి దూకేశాడు. ఏ ఒడ్డుకు చేరాడో వచ్చే వారం చెబుతానని రాసి, ఆ వారం రాకముందే అర్జునరావు గారు గుండెపోటుతో పోయారు. ఇదెక్కడి అన్యాయం అని షరీఫ్ బాధ.

“ఫోన్లో సూడరాదా?” అంది కరీమున్నీసా.

చూశాడు. ఫోన్లో లోకమంతా ఉంది, గంగరాజు లేడు. షాపులోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి సందులోకి తిరగడం మొదలెట్టాడు.

“కాస్త కుదురుగా కూకోవేటి? నాకు తెల్దనుకున్నావా? నువ్ ఎతుకుతున్నది గంగరాజుని కాదు, జావేద్ బావని,” అనేసింది ఒకరోజు.

షరీఫ్ మళ్ళీ సందులోకి నడిచాడు. జావేద్ అతని అన్న. సరుకు ఓడలో ఇంజన్ రూము పనికి వెళ్ళి, తుఫానులో కనబడకుండా పోయాడు. ఓడ వచ్చింది, అతని ట్రంకు పెట్టె వచ్చింది, అతను రాలేదు. ముప్పై ఏళ్ళ పైమాట. పోయినవాళ్ళ పేరు మీద వాళ్ళకిష్టమైనవి వండి ఫాతెహా చదివిస్తారు. అతని పేరు మీద చదివించనివ్వలేదు తల్లి. చదివిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే కదా! ఆమె పోయాక ఆ మొండితనం షరీఫ్‌కి అంటుకుంది. ఏటా కరీమున్నీసా అడగడం, “ఏ రోజు పోయేడని సదివించమంటావ్? ఎక్కడ పోయేడని?” అని అతను కసురుకోవడం. ఆ ఇంట్లో పోయినవాళ్ళందరికీ ఫాతెహా ఉంది. జావేద్ ఒక్కడే బతికినవాళ్ళలోనూ లేడు, పోయినవాళ్ళలోనూ లేడు.

అర్జునరావు గారి సంతాపసభకి షరీఫ్ వెళ్ళాడు. వక్తలు ఆయన్ని ఆకాశానికెత్తారు తప్ప గంగరాజు ఊసే ఎత్తలేదు. సభ అయ్యాక ఆయన కూతురు కుసుమకుమారిని అడిగితే, “ఇక్కడ చెప్పేది కాదండీ, ఇంటికి రండి,” అంది. మర్నాడే మధురవాడ బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేదు.

ఆమె టీ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, “షరీఫ్ గారూ, గంగరాజు ఏమయ్యాడో నాన్నకీ తెలీదు,” అంది. “ఓడ కాగితాల్లో దూకాడని ఉంది. అంతే.”

“మరి వచ్చేవారం సెప్తానన్నారు కదమ్మా!”

“చెప్పేవారే. ఆధారం ఆగిపోయిన చోట తనే ఊహించి రాసేవారు. ఆ సంగతి ప్రతి పుస్తకానికీ ముందుమాటలో చెప్పుకునేవారు కూడా. ముందుమాట ఎవరు చదువుతారు చెప్పండి?”

షరీఫ్ జన్మలో ఒక్క ముందుమాటా చదవలేదు.

“అయితే ఆ ఒళ్ళో తలెట్టుకోడాలు, ఆ ఆఖరి మాటలు?”

“చాలామటుకు నాన్నవే.”

అతనికి ఒళ్ళు మండిపోయింది. “నమ్మి ఏడ్సేనమ్మా నాను! నా ఇంటిదాన్ని కూడా ఏడిపించేను!” అంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు వేసుకుంటుంటే, ఆమె వెనకే వచ్చి అంది:

“మోసం చేద్దామని కాదండీ. ‘చావు రాయకపోతే వాడు నా బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాడే. తను కూర్చోడు, నన్ను కూర్చోనివ్వడు. ఎవరో ఒకరు వాడికింత చోటు చూపించాలి కదా,’ అనేవారు.”

రెండో చెప్పు అలాగే ఉండిపోయింది. షరీఫ్ గుమ్మంలోనే కూలబడ్డాడు. “మా అన్నకీ రాసేవోరా అమ్మా?” అని అడిగాడు.

జావేద్ సంగతంతా విని కుసుమకుమారి ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. “రాసేవారు. కానీ ముందు మిమ్మల్ని అడిగేవారు, ఆయన ఎలాంటి మనిషి అని.”

ఇన్నేళ్ళలో ఎలా పోయాడని అడిగినవాళ్ళే గానీ, ఎలా ఉండేవాడని ఎవరూ అడగలేదు. షరీఫ్ చెప్పడం మొదలెట్టాడు. ఈల వేస్తే సందు చివర్నుంచి వినబడేది. తమ్ముడి తప్పులకు తను దెబ్బలు తినేవాడు. మొదటి జీతంతో పాత కుట్టుమిషను కొని, తలమీద పెట్టుకుని మోసుకొచ్చాడు. నా షాపు పెట్టించింది మా అన్నేనమ్మా అంటూ చెప్పుకుపోయాడు.

ఇంటికొచ్చేసరికి కరీమున్నీసా మిషను దగ్గరుంది.

“గంగరాజు ఏటయ్యేడంట?”

“సముద్రంలో పోయేడు.”

“ఆవిడ సెప్పిందా?”

“ఎవులూ సెప్పలేదు, నానే సెప్తన్నాను.” వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. “అన్న కూడా. సముద్రంలోనే పోయేడు. రేపు జుమ్మా నమాజు అయ్యేక ఫాతెహాకి ఇమామ్ సాబ్‌ని పిలుస్తాను.”

కరీమున్నీసా మిషను ఆగిపోయింది. ఎందుకనీ, ఏ రోజు పోయినట్టనీ అడగలేదు. “ఏటి వండమంటావ్?” అంది మెల్లగా.

“ఏదైనా వండు. సేపలు మాత్రం వద్దు. ఓడెక్కేడన్న మాటే గానీ, సేప వాసనొస్తే కంచం ఒగ్గేసి లెగిసిపోయేవోడు మా అన్న.”

అని నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే దుఃఖం ముంచుకొచ్చింది. గంగరాజు కోసం కాదు, ఏ పుస్తకం కోసమూ కాదు. తన అన్న కోసం, మొట్టమొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు. కరీమున్నీసా లేచి వచ్చి పక్కన కూర్చుంది.