ముక్కిన వాసన, అక్క చాట

2011 అక్టోబరు 9, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. కోరుట్ల దాటి వేములవాడ దారి పట్టిన కొద్దిసేపటికి కారులో ఏసీ వేశాను. చల్లగాలితో పాటు ఒక వాసన వచ్చింది. వానాకాలమంతా మూలన పడి ఉన్న గోనెసంచిని విప్పితే వచ్చే ముక్కిన వాసన అది. ఇంటికి చేరాక డైరీలో ఆ సమయం రాసి, పక్కనే కారణం కూడా రాశాను: తంబాకు. సమయం సరైనదే. కారణం తప్పు. ఆ ఒక్క మాటను దిద్దుకోవడానికి పదహారు రోజులు పట్టింది.

అప్పటికి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై ఇరవై ఏడో రోజు. జగిత్యాలలో మా ఆఫీసుకు తాళం. రోడ్ల మీద బస్సులు లేవు. కోరుట్లలో ఉండే మా అక్క ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయిని సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుకునే ఇంటికి ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి రావలసిన పిల్ల బస్సులు లేక అక్కడే ఆగిపోయింది. నెలలు నిండినదాన్ని ఆటోల్లో కుదుపుతూ తేవడం మంచిది కాదన్నారు. నా కారు అడగడానికి అక్క మొహమాటపడింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. శనివారం సాయంత్రం ఇంట్లోనే ఆడపిల్ల పుట్టిందని కబురు రాగానే, మరునాడు వచ్చి సిరిసిల్ల తీసుకెళ్తానని నేనే అక్కకు ఫోను చేశాను.

కారు సెకండ్ హ్యాండుది, మా ఇంట మొదటిది. వేసవి దాటాక దాని ఏసీ ముట్టుకోలేదు. అక్క తొలిసారి ఎక్కింది కదా అని ఆ రోజు వేశాను.

ఆమె వెనక సీట్లో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. అందులో తడిగుడ్డలో చుట్టిన తునికాకు, డబ్బాలో తంబాకు, కత్తెర, దారపు కండె ఉన్నాయి.

"దాన్ని గూడ తెచ్చినవా అక్కా?"

"మీకు సమ్మె ఉన్నది తమ్మీ, మాకు వెయ్యి బీడీలున్నయ్. రేపు కార్ఖానాల ఇయ్యకుంటె ఆకు బంద్ పెడ్తరు. గిదేనా ఏసీ అంటె? సల్లగనే ఉన్నది."

వాసన వచ్చింది అప్పుడే. అద్దంలో నా చూపు నేరుగా చాట మీద పడింది. కారు పక్కకు ఆపి, దిగి, వెనక తలుపు తీశాను.

"ఇటియ్యి అక్కా, డిక్కీల పెడ్త. కాళ్లు సాపుకొని కూసో."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, చాట నా చేతికిచ్చింది. సిరిసిల్ల దాకా ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాసన మాత్రం మాతోనే వచ్చింది. డిక్కీలోంచి వస్తోందని అనుకున్నాను.

సిరిసిల్లలో, మేనకోడలి ఇంటి ముందున్న నల్లా దగ్గర అక్క సబ్బుతో చేతులు కడిగింది. గోళ్ల సందుల్లో రుద్ది మళ్లీ కడిగింది. గడప దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మూడోసారి కడిగింది. నేను లెక్కపెట్టాను గాని, ఎందుకో ఆలోచించలేదు. లోపల పసిపిల్ల పక్కన నిలబడి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఎత్తుకోవే అమ్మా," అంది కూతురు.

"చూసిన గద బిడ్డా. సల్లగుండని."

తిరుగు ప్రయాణానికి ముందు వెనక సీటు మీద ఒక పాత దుప్పటి పరిచాను.

"గీ దుప్పటి ఏందిరా?"

"సీటు ఖరాబు కావద్దని అక్కా."

"పోయేటప్పుడు లేకపాయె, వచ్చేటప్పుడు అచ్చింది."

కోరుట్లలో తన వాకిట దిగాక, చాట తానే డిక్కీలోంచి తీసుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "ఇరవయ్యొకటో దినం పిల్లను తొట్టెల్ల ఎయ్యాలె గద. వాళ్లత్తనే ఎయ్యమను. నా చేతులకు వాసనున్నదట, పసిపోరికెందుకు?"

మా ఇళ్లల్లో తొలిచూలు బిడ్డను తొట్టెల్లో, అంటే ఉయ్యాల్లో, వేసేది అమ్మమ్మే. ఆ పని ఆమె మరొకరికి అప్పజెబుతోందంటే ఎంత నొచ్చుకుందో నాకు తెలుసు.

"నేను గట్ల అనలేదు గదక్కా!"

"నువ్వనలే. నీ దుప్పటి అన్నది. చిన్నప్పుడు నా చాట పక్కకే పండుకుంటివి. గప్పుడు రాలేదార వాసన?"

మరునాటి నుంచి వాసన మీద పడ్డాను. వాసన పోతే అక్కను మళ్లీ కారెక్కించవచ్చు, అంతటితో అన్నీ సర్దుకుంటాయి అన్నది నా లెక్క. 11న సీట్ల కవర్లు, కాళ్లపట్టాలు ఎండబెట్టాను. 13న ఆరు నిమ్మకాయలు కోసి సీట్ల కింద పెట్టాను. 15న కర్పూరం. 18న అద్దాలు మూసి లోపల అరగంట ఊదు పొగ వేశాను. ఊదు వాసన, ముక్కిన వాసన కలిసి, గుళ్లో తడి గోనెసంచి ఆరేసినట్టయింది.

మా ఆవిడ గుమ్మంలోంచి చూస్తూ అంది. "కారుకు పెట్టిన ఊదు దేవునికి పెడితె పుణ్యమన్న వస్తుండె. అవుగని, ఒక్కసారన్న వదినెకు ఫోన్ చేసిండ్రా?"

చేయలేదు. వాసన పోయాక చేద్దామనుకున్నాను.

ఆ రోజుల డైరీ ఇప్పుడు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అద్దాలు దించి నడిపితే వాసన లేదని రాశాను. ఫ్యాను తిప్పగానే వస్తోందని, మొదటి నిమిషంలోనే ఎక్కువని రాశాను. డిక్కీలో ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదని కూడా రాశాను. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. అయినా 9వ తేదీన రాసిన కారణం జోలికి పోలేదు.

సమ్మె అక్టోబరు 24న ముగిసింది. 25న, మంగళవారం, ఆఫీసు తాళం తీయడానికి ముందే, ఉదయం ఎనిమిదింటికి కారును జగిత్యాలలో ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. నా వయసువాడే. ఏసీ వేసి, గాలి వచ్చే చోట ముఖం పెట్టి పీల్చాడు.

"ఎప్పటిసంది సార్?"

"పదహారు దినాలైంది. మా అక్క బీడీల చాటతోని ఎక్కింది. గప్పటిసంది."

అతను నవ్వాడు. "పొడి తంబాకు పదహారు దినాలుంటదా సార్? గట్లయితె మా ఇంట్ల ఎవ్వలం ఊపిరి తీస్కోలేం. మా అమ్మా, మా ఇంటామె ఇద్దరు బీడీలే చేస్తరు. నన్ను వాసన చూడుండ్రి, వస్తున్నదా?"

నేను డైరీలో రాసుకున్నవన్నీ అతనికి చెప్పాను.

"అద్దాలు దించితె ఉంటలేదు, ఫ్యాను పెడ్తె వస్తున్నది. అంటె వాసన సీట్ల లేదు సార్, గాలి వచ్చే తొవ్వల ఉన్నది."

బానెట్ ఎత్తి వైపర్లు ఊడదీశాడు. ముందు అద్దం కింద, అడ్డంగా నల్లటి ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. బయటి గాలి లోపలికి వెళ్లేది దానిలోంచే. జాలీ లేపి చేయి పెట్టాడు. మోచేతి దాకా వెళ్లిన చేయి నల్లటి ముద్దతో బయటికి వచ్చింది. నేల మీద పేపరు పరిచి దాని మీద వేశాడు. మళ్లీ చేయి పెట్టాడు. అలా ఏడు పిడికిళ్లు. చాయ్ గిన్నె అడుగున మిగిలే తడి పొడిలా ఉంది. దాన్ని పుల్లతో కదిలిస్తే లోపల రెండు సన్నటి కంకులు తేలాయి. వాటి కొసల్లో గులాబీ రంగు ఇంకా ఉంది.

"గునుగు పువ్వు సార్," అన్నాడు. "దొరికిండు మీ దొంగ."

బతుకమ్మకు తెచ్చిన తంగేడు బురదైపోయింది. గునుగు కుళ్లలేదు. ఆ గులాబీ రంగు మా ఆవిడ అద్దినదే.

బతుకమ్మ పండుగప్పుడు జగిత్యాలలో సమ్మె శిబిరం ముందు, రోడ్డు మీదే ఆడవాళ్లు బతుకమ్మ ఆడారు. మా ఆఫీసు వాళ్లలో కారు నాకొక్కడికే ఉంది కనుక, ఐదు రోజులు పెగడపల్లి వైపు నుంచి పూలు తెచ్చే పని నాది. ఎత్తుగా, చదునుగా ఉందని బానెట్ మీదే తాంబాలాలు పెట్టి పూలతో బతుకమ్మలు పేర్చేవారు. కారు ఇన్నాళ్లకు పనికొచ్చిందని నాకు గర్వంగా ఉండేది. ఆట ముగిశాక రోజూ బానెట్‌ను తడిగుడ్డతో నేనే తుడిచేవాణ్ని. రేకులు రోడ్డు మీద పడి ఎవరి కాళ్ల కిందా నలగకూడదని, ముందు నుంచి అద్దం వైపు తుడిచేవాణ్ని. ఐదు రోజులూ అలాగే. ఆ వారంలో రెండు వానలు కురిశాయి. రేకులు జాలీలోంచి జారి నీళ్లు పోయే రంధ్రాలను మూసేశాయి. నిలిచిన నీళ్లలో అవి నానుతూ ఉంటే, ఏసీ ముట్టని నాకు తెలియలేదు. తెలిసిన రోజున వెనక సీట్లో అక్క ఉంది.

మెకానిక్ సాయంత్రం దాకా పని చేశాడు. రంధ్రాలు తెరిచాడు. డ్యాష్‌బోర్డు వెనకనుంచి ఫిల్టరు తీసి చూపించాడు. అది బూజుపట్టిన పలకలా ఉంది. కొత్తది వేశాడు. చల్లబరిచే కాయిల్‌ను నురగ మందుతో కడిగాడు. కారు కింద గొట్టంలోంచి మొదట నల్లగా, తర్వాత తేటగా నీళ్లు కారాయి.

"ఇగ ఒక్కటి యాదుంచుకోండ్రి సార్. ఇల్లు ఐదు నిమిషాలున్నదనంగ ఏసీ బంద్ జేసి, ఫ్యాను మాత్రం నడవనియ్యుండ్రి. లోపటి తడి ఆర్తది. తడి ఆరితె బూజు రాదు, బూజు లేకుంటె వాసన రాదు."

27న, గురువారం, కోరుట్లకు బస్సులో వెళ్లాను. పిలవని వాకిట కారు ఆపడం సబబు కాదనిపించింది. అక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, ఆమె చాటలో పెట్టాను.

"తప్పు నాదక్కా. వాసన నీ తంబాకుది గాదు. బతుకమ్మ పూలు ఏసీల పడి ముక్కినయ్. వాటిని లోపటికి తుడిచింది నేనే."

ఆమె గునుగు కంకిని వేళ్ల మధ్య తిప్పి చూసింది. జాలీ సంగతి, వాన సంగతి మొత్తం చెప్పించుకుంది. తర్వాత పెద్దగా నవ్వింది.

"బతుకమ్మను చెర్వుల ఇడుస్తరు గని, కార్ల ఇడుస్తార్ర?"

నేనూ నవ్వబోయాను. ఆమె ఆపేసింది.

"నవ్వకు. నా మనుమరాలిని ముట్టుకోక నేను గిన్ని దినాలుంటిని. గది పువ్వుల తప్పు గాదు."

"కాదక్కా."

కండెలోంచి దారం తెంపి, చేతిలోని బీడీ కట్టి, చాటలో వేసింది. "రేపే ఇరవయ్యొకటో దినం. పొద్దుగాల ఏడింటికి కారు తే. అద్దాలు దించేది లేదు, ఏసీ పెట్టాలె. చాట నా ఒళ్లెనే ఉంటది. నేను ముందట కూసుంట."

28న ఉదయం ఏడింటికి ఏసీ వేశాను. మొదటి నిమిషం ఇద్దరమూ గాలినే వాసన చూశాం. చల్లగాలి వచ్చింది. అందులో వాసనేమీ లేదు. చాటలోని తంబాకు వాసన మాత్రం సన్నగా, పొడిగా ఉంది. అది నేను పెరిగిన ఇంటి వాసన. సిరిసిల్ల ఐదు నిమిషాలుందనగా ఏసీ ఆపి, ఫ్యాను ఉంచాను.

"ఏమైంది మల్ల?" అంది అక్క.

"తడి ఆరాలె."

"ఆరని, ఆరని."

నల్లా దగ్గర ఒక్కసారే చేతులు కడిగింది. లోపలికి వెళ్లి, ఎవరూ చెప్పకముందే పిల్లను ఎత్తుకుంది. పిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుని వదలలేదు. తొట్టెల్లో వేయడానికి ఆ వేలు విడిపించడమే ఆలస్యమైంది. అప్పుడు సమయం పది గంటల నలభై నిమిషాలు.

పోయినవి: అక్క మనుమరాలిని ఎత్తుకోని పంతొమ్మిది రోజులు, ఆరు నిమ్మకాయలు, ఒక ఫిల్టరు, డైరీలో కొట్టేసిన ఒక మాట.

మిగిలినవి: రెండు గునుగు కంకులు, కారులో ముందు సీటు మీద అక్క హక్కు, ఏసీ ఆపాక ఐదు నిమిషాల ఫ్యాను. దుప్పటి ఉతికి మడిచాం, మళ్లీ పరచలేదు.