తాళాలత్త లా చదువు

ఆ లా కాలేజీ అమ్మాయిల హాస్టల్లో ప్రతి పెట్టెకూ రెండు తాళంచెవులు. ఒకటి అమ్మాయి దగ్గర, రెండోది వార్డెన్ నడుముకు వేలాడే గుత్తిలో. ప్రతి శనివారం పొద్దున్న అమ్మాయిలు భోజనాల గదికి వెళ్ళగానే ఆవిడ పెట్టెలన్నీ తీసి చూసేది. అందుకే పిల్లలు ఆవిడకు తాళాలత్త అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

నలభై ఏడో ఏట ఈ తాళాలత్తకు లా చదవాలన్న పురుగు తొలిచింది. అదే కాలేజీలో చేరి, ముందు బెంచీలో తిష్ఠ వేసింది. రాజ్యాంగం, పౌరహక్కుల పేపరంటే ప్రాణం. శిక్షించే ముందు మనిషి మాట వినాలనీ, కారణం లేకుండా ఎవరి వస్తువులూ సోదా చెయ్యకూడదనీ లెక్చరర్ చెబితే నాలుగు రంగుల సిరాతో రాసుకుంది. ఇంటికెళ్ళి, గడియారాలు బాగుచేసే మొగుడికి అప్పజెప్పింది. ఆయన రెండో రోజే దాన్ని వాడేసుకున్నాడు.

"సంజాయిషీ అడక్కుండా టీ ఆపేస్తే చెల్లదు. నువ్వే చెప్పావు!"

శుక్రవారం సోదాల మీద పరీక్ష పెడితే క్లాసులో ఫస్టు మార్కు ఆవిడదే. శనివారం మామూలుగానే పెట్టెలు తీసింది. ఆ రెండింటికీ ఏదైనా లంకె ఉందేమోనని మహాతల్లికి తట్టనే లేదు!

ఆ రోజు, తన పక్కనే కూర్చుని చదువుకునే పిల్ల పెట్టెలో కరెంటు స్టవ్వు దొరికింది. రూలు ప్రకారం వెంటనే హాస్టల్ ఖాళీ చెయ్యాలి. బయట గది తీసుకునే స్తోమత లేదు కాబట్టి, ఇక చదువుకు మంగళమే. వార్డెన్ జ్వరంతో పడుకున్నప్పుడు నోట్సు రాసిచ్చింది ఆ పిల్లే, పాపం.

ప్రిన్సిపాల్ ఉత్తర్వు టైపు చేయించి ముందుకు తోశాడు.

"సంతకం పెట్టండమ్మా."

పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేసింది.

"ముందు ఆ పిల్ల మాట వినాలండీ."

"మీరే కదమ్మా పట్టుకొచ్చారు!"

"పట్టుకొచ్చింది నేనే. వినాల్సింది మీరు."

పిల్లను పిలిపించారు. ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. "స్టవ్వు నాదే సార్, తప్పే. కానీ నేను లేనప్పుడు, నన్ను అడక్కుండా నా పెట్టె తీశారు."

ప్రిన్సిపాల్ మొహం చిటపటలాడింది. ఇన్నేళ్ళుగా ఈ పని ఇలా జరుగుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి. పిల్లను హెచ్చరించి వదిలేసి, కోపమంతా వార్డెన్ మీదకు తిప్పాడు.

"ఆ గుత్తి ఇక్కడ పెట్టండి. రేపట్నుంచి మీరు వార్డెన్ కారు."

ఆవిడ నడుముకున్న గుత్తి విప్పబోయింది. వెళ్ళిపోతున్న పిల్ల గుమ్మంలోనే ఆగింది.

"ఆవిడ మాట కూడా వినాలి కదా సార్?"

వార్డెన్‌కు కళ్ళు చెమర్చాయి. ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలి, చెప్పండన్నట్టు చూశాడు. నిన్నటి పరీక్షలో నాలుగు పేజీలు గడగడా రాసిన మనిషి, ఇప్పుడు రెండు ముక్కలతో సరిపెట్టింది.

"తాళం తీసింది నేనే సార్. ఈ పిల్ల చెప్పేదాకా, దాన్నే సోదా అంటారని నాకు తోచలేదు."